దర్బారు పోయింది, దస్త్రం మిగిలింది

(ముస్లింల సాంస్కృతిక వారసత్వంపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కళలపై, విజ్ఞానంపై, ప్రజాసంస్కృతిపై ఆయా యుగాల ప్రభావం ఎలా ఉంటుందో చెప్పమని నిర్వాహకులు కోరారు. ఇది పండితులు మాట్లాడవలసిన విషయం. మేము పండితులం కాము. మూడు దశాబ్దాలకు పైగా రెవెన్యూ కార్యాలయాల్లో దస్త్రాలు మోసిన గుమాస్తాలం. పదవీ విరమణ తరువాత మొహల్లాలో పింఛను దరఖాస్తులు, ఉపకారవేతనాల ఫారాలు నింపిపెడుతూ కాలం గడుపుతున్నవాళ్లం. కాబట్టి మాకు తెలిసిన చోటు నుండే, అంటే దస్త్రం నుండే, మొదలుపెడతాం.

మా ఉద్యోగకాలమంతా పహాణీలు, అడంగళ్లు, జమాబందీ ఫస్లీ సంవత్సరం ప్రకారమే నడిచాయి. ఫస్లీ జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 2020 జులైలో మొదలైనది 1430 ఫస్లీ. 'ఫసల్' అంటే పంట. హిజ్రీ సంవత్సరం చంద్రమానం. సూర్యమానం కంటే ఏటా సుమారు 11 రోజులు తక్కువ. ఆ లెక్కన శిస్తు వసూలు చేస్తే కొన్నేళ్లకు పంట చేతికి రాకముందే రైతు ఇంటి ముందు జవాను నిలబడతాడు. ఆ ఇబ్బంది తీర్చడానికి అక్బరు కాలంలో పంటను అనుసరించే ఈ లెక్క ఏర్పడింది. తరువాత దక్కనుకూ వచ్చింది. ఖగోళం, వ్యవసాయం, పాలన మూడూ కలిసిన ఏర్పాటు ఇది. మొగలులు పోయారు, నిజాములు పోయారు, ఆంగ్లేయులు పోయారు. ఫస్లీ మాత్రం మా బల్లమీద మిగిలింది.

తహసీలు, దరఖాస్తు, వసూలు, బాకీ, ఖరీఫ్, రబీ అన్న మాటలు ఎక్కడివో ఏ తెలుగు రైతూ ఆలోచించడు. అసలు 'రైతు' అన్న మాటే అరబీలోని 'రఇయ్యత్' నుండి వచ్చింది. అన్నం పెట్టే మనిషికి తెలుగువారు పెట్టుకున్న పేరులో మన పూర్వుల భాష ఉంది. ఈ సంగతి గర్వపడడానికి చెప్పడం లేదు. ఒక యుగం పోయాక దానిలో ఏది నిలుస్తుంది, ఏది కూలుతుంది అన్న ప్రశ్నకు ఇందులో సమాధానం ఉంది కాబట్టి చెబుతున్నాం. జనం తమ అవసరంగా స్వీకరించినది నిలుస్తుంది. కొలువు మీద మాత్రమే ఆధారపడినది కొలువుతోపాటు కూలుతుంది. ఈ కొలమానంతోనే మన గతాన్ని ఒకసారి చూద్దాం.

గోల్కొండ కొలువు

కుతుబ్‌షాహీల కాలం భాషలు కలిసిన కాలం. 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితం చేశాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగనార్యుడు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. ఒక్క సంస్కృత పదమూ లేకుండా రాయాలన్న పట్టుదలతో పుట్టిన తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం అధికారి! తెలుగుకు మనం పరాయివాళ్లమని ఎవరైనా అన్నప్పుడు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

ఇబ్రహీం కుమారుడు ముహమ్మద్ కులీ హైదరాబాదు నిర్మాత. 1591లో చార్మినారు లేచింది. ఆయన దక్కనీలో కవిత్వం చెప్పాడు. వసంతోత్సవం, తొలకరి వాన, ఈ నేలపై పండే పండ్లు ఆయన కవితావస్తువులు. ఇరాను నుండి వచ్చిన వంశం రెండు మూడు తరాల్లో ఈ మట్టివాసన ఎలా పట్టుకుందో అందులో కనిపిస్తుంది. ఆయన కట్టించిన బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడలపై రంగుల పింగాణీ పలకల పనితనాన్ని ఈనాటికీ చూడవచ్చు.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. దర్బారు లేకుండా పోయింది. జీతంపై బ్రతికిన కవులు, చిత్రకారులు చెల్లాచెదరయ్యారు. కానీ దక్కనీ చనిపోలేదు. అది అప్పటికే బజారులోకి, వంటింట్లోకి, జోలపాటలోకి చేరింది. ఆషూర్‌ఖానా ఆచారం రాజధాని దాటి పల్లెకు చేరి పీర్ల పండుగ అయింది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని పల్లెల్లో సైతం పీరును ఎత్తుకునేవారు, అలావా చుట్టూ పాడేవారు ఉన్నారు. ఆ పండుగ గురించి మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని మాకు తెలుసు. ధార్మిక విషయంలో తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ కర్బలాలోని త్యాగం తెలుగు పల్లెపాటగా ఎలా మారిందన్నది చరిత్ర. ఆ చరిత్రను తెలుసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు.

నక్షత్రాలు లెక్కించిన కాలం

ఆసఫ్‌జాహీల చివరి దశకు వద్దాం. ఇది విజ్ఞానశాస్త్రం ముద్ర వేసిన యుగం. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ఆసక్తితో 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి హైదరాబాదులో వేధశాల నెలకొల్పాడు. ఆయన 1907లో మరణించగా మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. బేగంపేటలోని ఆ నిజామియా వేధశాలకు ఒక అంతర్జాతీయ బాధ్యత దక్కింది. ఆకాశాన్ని ప్రాంతాలుగా విభజించి, నక్షత్రాల స్థానాలను ఛాయాచిత్రాల సహాయంతో నమోదు చేసే పథకం 1887లో పారిస్‌లో రూపుదిద్దుకుంది. ఆ పనిలో పాల్గొన్న ప్రపంచ వేధశాలల్లో హైదరాబాదు ఒకటి. దశాబ్దాల పాటు సాగిన ఆ కృషిలో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను హైదరాబాదు లెక్కకట్టింది. 1918 నుండి 1944 వరకు టి.పి. భాస్కరన్, ఆ తరువాత అక్బర్ అలీ ఆ వేధశాలకు సంచాలకులుగా ఉన్నారు. ఒకరి కృషిని మరొకరు అందుకున్నారు. నక్షత్రాల పట్టికలో మతం కాలమ్ లేదు.

సంచాలకుల పేర్లు మిగిలాయి. గాజు ఫలకాలపై చుక్క తరువాత చుక్కను కొలిచి పట్టికల్లోకి ఎక్కించినవారి పేర్లు ఎందరికి తెలుసు? వాళ్లూ ఒక రకంగా మనవంటి గుమాస్తాలే.

ఇక్కడ మరొక మనిషిని తలచుకోవాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ దోమలకు తన రక్తాన్ని తాగించిన రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. ప్రపంచాన్ని మార్చిన ఆ ఆవిష్కరణలో రాస్ మేధస్సు ఎంత ఉందో హుసేన్ ఖాన్ రక్తం అంత ఉంది. పాఠ్యపుస్తకంలో మొదటి పేరు ఉంటుంది, రెండవది ఉండదు.

మన సభల్లో నవాబుల పేర్లు తరచూ వినిపిస్తాయి. మిత్రులారా, మనలో నవాబుల సంతతి ఎందరు? ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందిమి దూది ఏకినవారి, గాజులు చేసినవారి, బండి తోలినవారి, ఇల్లిల్లూ తిరిగి అత్తరు అమ్మినవారి పిల్లలం. మనం హుసేన్ ఖాన్ వారసులం. ఆ వారసత్వం చిన్నదేమీ కాదు.

ఉస్మానియా పాఠం

1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. గణితం, భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం, ఇంజినీరింగు అన్నీ ఉర్దూలో బోధించారు. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలన్నింటినీ విశ్వవిద్యాలయ స్థాయిలో చెప్పవచ్చని ఆ ప్రయోగం నిరూపించింది. అందుకు అవసరమైన వేలాది సాంకేతిక పదాలను పండితులు కూర్చుని తయారుచేశారు. అదే కాలంలో అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజినీరు 1931లో పూర్తయిన నిజాంసాగర్‌కు రూపకల్పన చేశారు. ఆయన జన్మదినమైన జులై 11ను తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఇంతవరకు చెప్పి ఆపితే మేము సగం నిజమే చెప్పినవాళ్లమవుతాం. ఆ రాజ్యంలో అత్యధికుల మాతృభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. రాజభాష ఉర్దూ అయినందువల్ల తెలుగు పిల్లవాడు బడిలో తన భాషకు దూరమయ్యాడు. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. ఒక జాతి తన భాష కోసం ఎంత తపించిందో ఆ సంఖ్యే చెబుతుంది.

1948 సెప్టెంబరులో రాజ్యం మారింది. ఎందరో ఉద్యోగులు స్థానాలు కోల్పోయారు. విశ్వవిద్యాలయంలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో వైద్యం, న్యాయం చదివిన తరం చూస్తూ ఉండగానే ఆ పుస్తకాలు అలమారాల్లో నిలిచిపోయాయి. నిన్న తెలుగు బిడ్డకు జరిగినది ఈ రోజు ఉర్దూ బిడ్డకు జరిగింది. ఈ రెండు బాధలనూ ఒకే త్రాసులో తూచగలిగినప్పుడే మనం హక్కుల గురించి మాట్లాడే అర్హత పొందుతాం. ఇతరుల భాషకు జరిగిన అన్యాయాన్ని ఒప్పుకోనివాడు తన భాషకు న్యాయం అడగలేడు.

తంబురా, నాదస్వరం

కొలువు నీడలేని కళాకారులు ఎలా నిలిచారో చూద్దాం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దూదేకుల కుటుంబం బిడ్డ. భుజాన తంబురా, కాలికి అందెలు, ఇరుపక్కలా వంతలు. 'పల్నాటి యుద్ధం', 'బొబ్బిలి యుద్ధం' చెబుతుంటే వేలాది జనం తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవారు. ప్రజానాట్యమండలి ఉద్యమం ఆయన గొంతును ఊరూరికీ చేర్చింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. ఎవరో చిన్నచూపుతో పిలిచిన మాటనే ఆయన తలెత్తుకుని పుస్తకం అట్టపై పెట్టుకున్నారు.

ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుడు. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో కర్ణాటక సంగీతంలో అత్యున్నతమైన సంగీత కళానిధి గౌరవం పొందారు. పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగు పద్యాన్ని, నాటకాన్ని సాధనచేసి కేంద్ర శాసనసభకు కూడా వెళ్లారు. వీరెవరూ తమ ధర్మాన్ని వదలలేదు, తెలుగునూ వదలలేదు. రెండింటి మధ్య ఎంచుకోవాలని వారిని అడిగే ధైర్యం ఆ కాలానికి లేదు. ఈ కాలానికి వచ్చింది.

తెర మీది సాయిబు

మా బాల్యంలో సినిమాలో సాయిబు అంటే మంచివాడే. కాని వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించేవాడు. ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే దూదేకుల పిల్లవాడిని బడిలో అదే యాసతో వెక్కిరించేవారు. 1990ల తరువాత ఆ పాత్రే మారింది. నవ్వించిన సాయిబు భయపెట్టేవాడయ్యాడు. పాతబస్తీ చూపిస్తే వెనుక సంగీతం మారిపోతుంది. మన పిల్లలు ఆ సంగీతం వింటూ పెరిగారు. అద్దె ఇంటికి వెళ్లి పేరు చెప్పగానే ఇంటి యజమాని ముఖం మారడానికి, తెరమీద ఆ సంగీతం మారడానికి సంబంధం లేదని ఎవరూ అనలేరు.

ఆ కాలమే మన సమాధానాన్నీ పుట్టించింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. తెలుగు ముస్లిం తన ఇంటి సంగతిని, తన పేదరికాన్ని, తన స్త్రీల బాధను, తనలోని కులభేదాలను తన మాటతో చెప్పుకున్నాడు. 2006లో సచార్ కమిటీ నివేదిక అంకెలతో చెప్పిన వెనుకబాటుతనాన్ని ఈ కవులు, కథకులు అంతకుముందే మనుషుల ముఖాలతో చూపించారు. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చిందంటే, దాని వెనుక నివేదికలతో పాటు ఈ గొంతులూ ఉన్నాయి.

మా తప్పు

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. సభలో చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది.

చాలా ఏళ్ల క్రితం మేము పనిచేసిన ఒక కార్యాలయం కొత్త భవనానికి మారింది. పాత గదిలో ఎర్రగుడ్డ మూటల్లో ఉర్దూ రిజిస్టర్లు ఉన్నాయి. సేత్వార్లు, వసూలు బాకీ లెక్కలు, ఇనాముల వివరాలు. కొత్తగా వచ్చినవారిలో వాటిని చదవగలిగినవారు లేరు. "చదవరాని పాత కాగితాలు" అని ఒక జాబితా తయారుచేయమన్నారు. చేశాం. మాలో ఉర్దూ చదవగలిగినవాళ్లం ఉన్నాం. అయినా నోరు విప్పలేదు. సాయిబు కాబట్టి ఉర్దూ కాగితాల కోసం పట్టుబడుతున్నాడని అంటారేమోనని భయం. మూటలు వరండాలో చేరాయి. ఆ ఏడు వానలకు తడిసి ముద్దయ్యాయి.

తరువాత కొన్నేళ్లకు ఒక పల్లె నుండి నలుగురు పెద్దలు వచ్చారు. వారి ఖబరస్తాన్ భూమిపై తగాదా. "నకలు ఇప్పించండి బాబూ, మా తాతల పేర్లు అందులో ఉన్నాయి" అని అడిగారు. వెతికాం. దొరకలేదు. "రికార్డు లభ్యం కాలేదు" అని జవాబు రాసి సంతకానికి పెట్టినది కూడా మేమే. దొరకకపోవడానికి కారణం మాకు తెలుసు. వారికి చెప్పలేదు. వారిలో పెద్దాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మాకు సలాం చేసి వెళ్లిపోయాడు. ఆ సలాం ఇప్పటికీ బాకీగానే ఉంది.

కళ, సంస్కృతి అంటే పాట, పద్యం మాత్రమే అనుకుంటాం. ఒక లిపి చదవలేకపోతే ఒక శ్మశానం పోతుంది, ఒక బావి పోతుంది, ఒక దర్గా దారి పోతుంది. యుగం మారినప్పుడు ముందుగా పోయేది చదవగలిగే కన్ను.

చేయవలసినవి

రాజ్యాంగం 29వ అధికరణం తమ ప్రత్యేక భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును పౌరులకు ఇచ్చింది. 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కునిచ్చింది. 350-ఏ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెబుతుంది. హక్కు కాగితం మీద ఉంది. దాన్ని వాడుకోవడం మన చేతుల్లో ఉంది. అందుకు ఈ సభ ముందు నాలుగు మాటలు ఉంచుతున్నాం.

మొదటిది, ఇంట్లో ఉన్న పాత ఉర్దూ, పార్సీ కాగితాలను రద్దీవాడికి వేయకండి. నిఖానామా, ఇనాము పత్రం, తాత రాసిన ఉత్తరం ఏదైనా సరే. ఫోనుతో ఫొటో తీసి పెట్టండి. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల పార్సీ పత్రాలు వేలాదిగా భద్రంగా ఉన్నాయి. చక్రవర్తుల కాగితాలను ప్రభుత్వం దాచింది. మన తాతల కాగితాలను మనమే దాచుకోవాలి.

రెండవది, ప్రతి మొహల్లాలో కనీసం ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు పాత చేతిరాత ఉర్దూ, ముఖ్యంగా షికస్తా చదవడం నేర్చుకోవాలి. నేర్పగల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. మేమూ ఆదివారాలు కూర్చోవడానికి సిద్ధం.

మూడవది, పెళ్లిళ్లలో మన తల్లులు పాడిన ఢోలక్ గీతాలను, పల్లెల్లోని పీర్ల పాటలను పాడగలిగినవారు ఉండగానే రికార్డు చేయండి. మీ ఫోను హాస్య వీడియోలు చూడడానికే కాదు.

నాలుగవది, జనగణన అధికారి మాతృభాష అడిగినప్పుడు ఇంట్లో మాట్లాడే భాషనే చెప్పండి. ఉర్దూ ఇల్లు ఉర్దూ అని, తెలుగు మాట్లాడే దూదేకుల ఇల్లు తెలుగు అని ధైర్యంగా రాయించాలి. బడికి టీచరు పోస్టు మంజూరు చేసేటప్పుడు ప్రభుత్వం చూసేది అంకెలనే.

విద్యార్థులకు ఒక్క మాట. యుగం మనల్ని మలుస్తుందన్నది నిజమే. కానీ యుగం అంటే ఆకాశం నుండి ఊడిపడేది కాదు. ఎక్కడో ఒక గదిలో, ఒక గుమాస్తా ఒక జాబితాలో "పనికిరాదు" అని రాయడమా, "భద్రపరచవలెను" అని రాయడమా అన్న దగ్గర కూడా యుగం తయారవుతుంది. మేము ఆ రోజు తప్పుగా రాశాం. మీ చేతికి కలం వచ్చినప్పుడు సరిగా రాయండి.